కబురు అందని ఒళ్ళు

"ఇచ్చినమంటున్న గద! ఎన్నిమాట్ల సెప్పాలె నీకు? పొద్దున ఇచ్చిన, పొద్దూకినంక ఇచ్చిన. మూడు దినాలు ఒక్క పూట తప్పకుంట ఇచ్చిన!"

బీరమ్మ గొంతు మామూలుగానే నాలుగిళ్ళ అవతలకు వినిపిస్తుంది. ఇవాళ దొడ్డిలోని గొర్రెలు కూడా మేత మాని తలలెత్తాయి. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న జానమ్మ మాత్రం ఆ గొంతు వినడం లేదు. మంచం మీది బీరమ్మ కొడుకు ఊపిరి వింటున్నది.

ఐలేశం ఊపిరి లోతుగా, ఆగకుండా, బావిలో మట్టి తోడేవాడి ఊపిరిలా వస్తున్నది. ఏ పనీ చేయకుండా పడుకున్న పందొమ్మిదేళ్ళ పిల్లవాడు అలా ఊపిరి తీయకూడదు. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. పెదవులు పగిలి తెల్లబడ్డాయి. నెలన్నర కింద ఎముకల గూడుగా బండిలో పాలమూరు మిషన్ దవాఖానకు పోయి, సూదిమందు పడ్డాక గొంగడి భుజాన వేసుకొని నడిచి వచ్చిన పిల్లవాడు ఇతడేనంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

"దూప..." అన్నాడు ఐలేశం. అతని భార్య సుక్కమ్మ ముంత అందుకుంది. పదహారేళ్ళ పిల్ల. తెల్లవారకముందే చేన్లకు అడ్డంపడి ఉరికి, రెండు కోసుల దూరంలోని కొత్తకోట నుంచి నర్సు జానమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. కాళ్ళ నిండా ముళ్ళగీతలు.

జానమ్మ అతని నోటి దగ్గరికి వంగింది. మగ్గిన సీతాఫలం వాసన.

"నోరు మంచి వాసనొస్తాంది గద," అన్నది బీరమ్మ, గొంతు కాస్త తగ్గించి. "నిన్నటి సంది గట్లనే ఉన్నది. లోపటి విషం పోతాందనుకుంటి."

ఆ వాసన జానమ్మకు దవాఖానలో రెండుసార్లు తగిలింది. రెండుసార్లూ ఆ మంచాలు ఖాళీ అయ్యాయి.

"మందు పనిజేస్తలేదా బిడ్డా?" అన్నాడు గుర్వయ్య. కొడుకు కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. మందలో రెండొందల గొర్రెలను పేరుపేరునా గుర్తుపట్టే మనిషి, ఇప్పుడు ఎక్కడ చూడాలో తెలియనట్లు జానమ్మ చేతుల వంకే చూస్తున్నాడు.

జానమ్మ దుప్పటి పక్కకు జరిపి ఐలేశం తొడలు చూసింది. తరువాత చేతులు. చర్మం ఎండి, వేలితో పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. తను వేసిన పాత సూదుల గుర్తులు మానిపోయాయి. కొత్తది ఒక్కటీ కనబడలేదు.

"సూది ఎక్కడ గుచ్చినవు అవ్వా?"

బీరమ్మ కొడుకు దుప్పటి సవరించింది.

"అవ్వా, నిన్నే అడుగుతున్న. ఎక్కడ గుచ్చినవు?"

సుక్కమ్మ అత్త ముఖం చూసింది, తరువాత తల దించుకుంది. నీళ్ళకుండ కింద తడి ఇసుకలోంచి మందు సీసా తీసి జానమ్మ చేతిలో పెట్టింది. చల్లదనం పోకుండా అక్కడ దాచమని చెప్పింది జానమ్మే. ఆ మాట మటుకు తూచా తప్పకుండా విన్నారు.

సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. అడుగున గోరంత మందు మిగిలి ఉంది. పన్నెండు రోజులు రావలసిన మందు.

"గింత మందు ఏమాయె?"

"తాపిన," అన్నది బీరమ్మ.

"ఏందీ?" అన్నాడు గుర్వయ్య.

"తాపిన. గొర్రెపాలల్ల కలిపి గొట్టంతోని తాపిన. రెండొందల జీవాలకు మందు పోసేది నేనే గాదా? ఒక్కదానికన్న పొరపోయిందా ఇన్నేండ్లల్ల? సూదంత మందు గంత పెద్ద ఒంటికి ఏం సాలుతదని చెంచెడు చెంచెడు పోసిన. ఎక్కువనే ఇచ్చిన గని తక్కువ ఇయ్యలే!"

ఆ మాటల్లో తప్పు చేసిన జాడ లేదు. కొడుక్కు కడుపునిండా పెట్టిన తల్లి గర్వం ఉంది. జానమ్మకు అదే భరించరానిదైంది. అరిచి కొట్టాలనిపించింది, అంతలోనే ఏడవాలనిపించింది. రెండింటికీ తీరిక లేదు.

"సూది ఎట్ల గుచ్చాల్నో చూపిచ్చిన గద అవ్వా! ఊ అంటివి గద!"

"ఊ అన్న. నువ్వు పోయినంక సూది సేతిల పట్టుకున్న. సేతులు ఒణికినయి. కన్నబిడ్డ ఒంట్ల ఇనుము ఎట్ల గుచ్చుదు సెప్పు? నువ్వైతే గుచ్చుతవు, నీకేం? ఏ తొవ్వల పోయినా ఒంట్లకే గద పోయేది!"

"నోరు ముయ్యి," అన్నాడు గుర్వయ్య. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్యతో ఆ మాట అనడం అదే మొదటిసారి కావచ్చు. బీరమ్మ నోరు నిజంగానే మూతపడింది.

జానమ్మ లేచి సంచిలోంచి ఇంకో సూది తీసింది. "సుక్కా, పొయ్యి ముట్టియ్యి. గిన్నెల నీళ్ళు పెట్టు. సూది మసలబెట్టాలె."

సుక్కమ్మ ఏ గిన్నె అన్నట్లు అత్త వైపు తిరిగింది. జానమ్మ పుట్టింది మాదిగవాడలో. వాళ్ళ తాతల కాలంలోనే క్రీస్తుమతం పుచ్చుకున్నారు గాని, ఊరి కళ్ళకు వాడ వాడగానే కనబడుతుంది. ఇన్నాళ్ళూ ఆమె సూది ఆమె వెంట తెచ్చుకున్న డబ్బాలోనే మసిలేది, దడి బయట మూడు రాళ్ళ మీద. ఐలేశం మంచాన్ని వాకిట్లోకి మోసుకొచ్చేవాళ్ళు. ఇవాళ ఆ డబ్బా ఇంటి దగ్గరే మరిచిపోయింది.

బీరమ్మ తను పాలు కాచే గిన్నె తీసి కోడలి ముందు పెట్టింది.

పొయ్యిలో పుల్లలు పచ్చివి. పొగకు అందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరు నిజంగా ఏడుస్తున్నారో తెలియకుండా పోవడం కూడా ఒక మేలే.

"ఒక్క మాట అడుగుత బిడ్డా," అన్నాడు గుర్వయ్య. "అది సేసింది తప్పే. కాదన. గని నాకు గూడ సమజైతలేదు. మందు కడుపులకు పోయింది. కడుపులకెల్లే గద నెత్తురైతది. మరెందుకు పనిజెయ్యలే?"

జానమ్మ సూదిని నీళ్ళలో వేసింది.

"గొర్రెను కోసినప్పుడు చూసి ఉంటవు పెద్దయ్యా. కడుపు ఎన్క, పేగుల నడుమ, తెల్లగ నాలికె లెక్క ఒకటుంటది."

"ఉంటది. ఎరికే."

"మనిషికి గూడ ఉంటది. మనం తిన్నది నెత్తుర్ల తీపి అయితది. ఒళ్ళంత కంటికి కానరాని కణాలుంటయి. ఇటుకలతోని గోడ కట్టినట్టు, కణాలతోని ఒళ్ళు. వాటికి ఆ తీపే బువ్వ. గని అది వాకిట్ల దాక వచ్చి నిలవడ్తది. లోపలికి రానియ్యాల్నంటే గా నాలికె లెక్క ఉన్నదాంట్లకెల్లి కబురు రావాలె. రసం వచ్చి నెత్తుర్ల కలిసి ఒక్కొక్క కణం కాడికి పోయి చెప్తది, తలుపు తియ్యమని."

"రసానికి నోరుంటదా?" అన్నది బీరమ్మ. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

"నోరు లేదవ్వా. దాని ఆకారమే దాని మాట. కణం మీద దాన్ని పట్టుకునే జాగా ఒకటుంటదట. ఇది వచ్చి దాంట్ల కూసుంటెనే తలుపు తెరుసుకుంటది. వేరే ఏదొచ్చినా తెరవది. మిషన్ దవాఖాన డాక్టర్ దొరసానికే అంత ఎర్క లేదట, గని గట్లనే ఉండాలె అంటది. ఐలేశం ఒంట్ల ఆ రసం ఊరుడు బందైంది. కబురు లేదు. ఎంత తిన్నా కణాలు ఉపాసముంటున్నయి. తీపేమో మూత్రంల పోతాంది, ఒంట్ల నీళ్ళన్నీ గుంజుకపోతాంది. సూదిల ఇచ్చేది గా కబురే."

గుర్వయ్య ఒక పుల్లను పొయ్యిలోకి తోశాడు.

"పిల్ల సచ్చిన గొర్రెకు తల్లిలేని పిల్లను తాపుతం," అన్నాడు మెల్లగా. "ఉత్తగ ఇడిస్తే దగ్గరికి రానియ్యదు, తన్నుతది. సచ్చిన పిల్ల తోలు ఒలిసి దీని మీద కప్పుతం. వాసన సూసి నా బిడ్డే అనుకోని పొదుగిస్తది. తోలు ఊడిందా, మళ్ళ తన్నుతది."

"గంతే పెద్దయ్యా. నువ్వు నాకంటె మంచిగ చెప్పినవు. కడుపు ఉన్నది మాంసం అరిగిచ్చెతందుకు. ఈ మందు గూడ దానికి మాంసం అసోంటిదే. కడుపుల పడంగనే దాని తోలు ఒలిసి ముక్కలు జేస్తది. కణం కాడికి పోయేది గా మందు గాదు."

బీరమ్మ నేల మీద కూలబడ్డది. మూడు రోజులు, ఆరు పూటలు, తల ఎత్తి పట్టి, గొంతు నిమిరి, ఒక్క చుక్క కింద పడకుండా కొడుకుతో తాగించింది. అంత శ్రద్ధగా ఆమె జన్మలో మరొక పని చేసి ఉండదు.

"మా గొర్లల్ల గూడ ఉంటదంటివి గద," అన్నాడు గుర్వయ్య హఠాత్తుగా. "గా నాలికె అసోంటిది. దాంట్ల రసముంటదా?"

"ఉంటది."

"మందనంత కోస్త. ఇప్పుడే కోస్త. ఒక్కటి గూడ ఉంచుకోను. తీసియ్యి."

ఏ కరువులోనూ మందను అమ్ముకోని మనిషి. కత్తి కోసం అప్పుడే చూరు తడుముతున్నాడు.

"మనకు తీయరాదు పెద్దయ్యా," అన్నది జానమ్మ. "దానికి కార్ఖానాలుంటయి. కోసినా ఒరిగేదేం లేదు. కత్తి ముట్టకు."

సూది మసిలింది. జానమ్మ చల్లార్చి, సీసాను తలకిందులుగా పట్టి, మిగిలిన మందంతా లాగింది. సగం ఇప్పుడిచ్చి సగం సాయంత్రానికి ఉంచాలా అని ఒక్క క్షణం ఆగింది. ఆ ఊపిరి విన్నాక సాయంత్రం గురించి ఆలోచించడం మానేసింది. తొడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి మొత్తం ఎక్కించింది. ఐలేశం కదలలేదు. నొప్పికి మూలిగినా ఆమెకు అంత భయం వేసేది కాదు.

"సుక్కా, నీళ్ళల్ల ఉప్పు కలిపి చెంచతోని పొయ్యి. మింగుడు చూసుకుంట పొయ్యి. ఆగకు."

"మాపటికి మందు?" అన్నాడు గుర్వయ్య.

"లేదు. పాలమూరు పోవాలె. చిట్టీ రాసిస్త. డాక్టర్ దొరసాని చేతిల పెట్టు, ఇంకెవ్వరికియ్యకు. మందిస్తరు. ఇక్కడి సంగతి అంత అందుల రాస్త."

గుర్వయ్య తలపాగా చుట్టుకున్నాడు. "నడిసి పోతె రేపు పొద్దుగాల్లకు సేరుత. రాను మళ్ళ ఒక దినం. గుట్టల పొంటి పోవాలె. కొత్తకోట కాడ రజాకార్లు తొవ్వ కట్టేసిన్రు, బస్సు బందని నువ్వే అంటివి గద."

జానమ్మ చేతిలోని పెన్సిలు ఆగింది.

ఆ మాట ఆమె అన్నది నిజమే. నాలుగు రోజుల కింద, సాయంత్రం సూది వేసి దడి దాటుతుండగా వెనక చప్పుడైతే తిరిగి చూసింది. జానమ్మ నిలబడిన చోట బీరమ్మ పేడనీళ్ళు చల్లుతున్నది. పోయేదాకా కూడా ఆగలేదు. చల్లి, తలెత్తి, జానమ్మ కళ్ళలోకి చూసి, మళ్ళీ చల్లింది. జానమ్మ చిన్నప్పటి నుంచీ ఎన్నో చూసింది, ఎన్నో మింగింది. ఆ పూట ఎందుకో మింగుడుపడలేదు. వెనక్కి వచ్చి, సూది, సీసా అరుగు మీద పెట్టి, తొవ్వ మంచిగ లేదు, బస్సు లేదు, నేను రాను, మీరే ఇచ్చుకోండని ఎట్లా గుచ్చాలో ఒకసారి చూపించి వెళ్ళిపోయింది. రజాకార్లు ఊళ్ళ మీద తిరుగుతున్న ఆ ఏడు అలాంటి మాటను నిజమా అని ఎవరూ తిరిగి అడగరు. విన్నవాళ్ళు తలుపులు వేసుకొని ఇంట్లో ఉంటారు, అంతే.

ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గుర్వయ్య గుట్టల వెంట నడిచిపోతాడు, ఎల్లుండికి తిరిగి వస్తాడు. అప్పటికి మందు అవసరం ఉండదు.

"బస్సు నడుస్తాంది పెద్దయ్యా," అన్నది.

గుర్వయ్య ఆగాడు.

"పొద్దెక్కినంక ఒకటి పోతది. ఉరికితే దొరుకుతది. మాపటికి దవాఖానల ఉంటవు. రేపు పగటికల్ల ఈడ ఉంటవు."

"ఎన్నటి సంది నడుస్తాంది?"

"బందే కాలేదు. తొవ్వ గూడ ఎవ్వరు కట్టెయ్యలే."

పొయ్యి దగ్గర ఉప్పు కలుపుతున్న సుక్కమ్మ చేతిలో చెంచా నిలిచిపోయింది. గుర్వయ్య ఆమెను చూశాడు. కోపంగా చూసి ఉంటే జానమ్మ తట్టుకునేది. ఆయన ముఖంలో కోపం ఇంకా చేరలేదు, అర్థం చేసుకోవడానికే కష్టపడుతున్నాడు. తరువాత చెయ్యి చాపి చిట్టీ తీసుకున్నాడు. గొంగడి కూడా మరిచిపోయి, యాభై దాటిన ఆ మనిషి చెప్పులు చేతబట్టుకొని ఉరికాడు.

గుడిసెలో ముగ్గురు ఆడవాళ్ళూ, ఆ ఊపిరీ మిగిలాయి.

బీరమ్మ అరుస్తుందని జానమ్మ ఎదురుచూసింది. తిట్టినా, జుట్టు పట్టుకున్నా బాగుండేది. బీరమ్మ కొడుకు తల దగ్గరికి జరిగి, నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీసింది.

"ఎందుకు రాకపోతివి?" అన్నది.

"నేను నిలవడ్డకాడ పెండనీళ్ళు చల్లితివి. నేనింక దడి దాటనే లేదు."

"సల్లిన."

"కోపమొచ్చింది. మూడు దినాలు తిప్పలవడుండ్రి, అప్పుడు నువ్వే పిలుస్తవు అనుకున్న. బతిమిలాడితే వస్తననుకున్న. గిట్లయితదనుకోలే."

"నేను గుచ్చలేనని నీకు ఎర్క లేదా?"

ఇది జానమ్మ భయపడుతున్న ప్రశ్న. ఎరుక లేదని చెప్పవచ్చు. చూపించాను, ఊ అన్నావు, నా పని నేను చేశాను అనవచ్చు. ఏ పెద్దమనుషుల ముందైనా ఆ మాట నిలబడుతుంది.

"ఎరికే," అన్నది. "నేను చూపిస్తుంటెనే నీ చేతులు ఒణికినయి. చూసిన. చూసి పోయిన."

బీరమ్మ కన్నీళ్ళు పెట్టుకోలేదు. "నాకు సదువు రాదు. కడుపుల పడితే తోలూడుతదని నాకెవ్వరు సెప్పలే," అన్నది. "నీకు అంత ఎర్క. కణాలెర్క, కబుర్లెర్క. నా సేతులు గూడ సూసినవు."

సుక్కమ్మ వెక్కిళ్ళు మింగుకుంటూ చెంచా చెంచాగా ఉప్పునీళ్ళు పోస్తూనే ఉంది. ఎవరి తప్పు ఎంత అన్నది ఆ పిల్లకు పట్టలేదు. మగడు మింగుతున్నాడా లేదా అన్నదే చూస్తున్నది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గొర్రెలు దొడ్డిలోనే ఆకలికి అరుస్తున్నాయి. వాటిని మేపుకు తోలడానికి ఎవరూ లేరు.

ఐలేశం ఊపిరి నెమ్మదించింది. ఒక్కసారిగా కాదు. ఒక్కొక్క ఊపిరికీ కొంచెం కొంచెం లోతు తగ్గుతూ, మధ్యలో ఎడం పెరుగుతూ.

"తగ్గింది! దమ్ము తగ్గింది గదక్కా!" అన్నది సుక్కమ్మ. గుడిసెలోకి వచ్చాక ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది.

జానమ్మ మణికట్టు పట్టుకొని నాడి చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది. కబురు అందితే ఊపిరి ఇలాగే నెమ్మదిస్తుంది. ఒంట్లో సత్తువంతా అయిపోయినా ఇలాగే నెమ్మదిస్తుంది. దవాఖానలో అయితే నెత్తురు చూసి చెప్పేవాళ్ళు. ఇక్కడ ఆమె దగ్గర రెండు వేళ్ళు తప్ప మరేమీ లేవు.

"మంచికేనా?" అన్నది బీరమ్మ. "ఈ ఒక్కసారన్న నిజం సెప్పు."

"తెల్వదవ్వా."

"తెల్వదా?"

"తెల్వదు. ఇంకో జాము పోతె తెలుస్తది."

బీరమ్మ లేచింది. తడిక తలుపు ముందుకు లాగి, దానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. బయటి వెలుతురు సగానికి సగం తగ్గిపోయింది.

"వాడు లేసి అమ్మా అనేదాక నువ్వు ఈ గుడిసె దాటవు," అన్నది. "లేసినంక నిన్ను పంపాల్నో సంపాల్నో నేనే సూసుకుంట. లేవకపోతె నేనేం జేస్తనో నాకే తెల్వదు."

జానమ్మ తలుపు వైపు చూడలేదు. ఆమె వేళ్ళ కింద ఐలేశం నాడి ఒక దెబ్బ తప్పి, మళ్ళీ అందుకుని, మళ్ళీ తప్పింది.